పన్నీరు పంపేదెవరు?

నేను ఒకరి బండిని కాను. మస్కట్ విమానాశ్రయంలో దిగినవాళ్ళకి రోజుల లెక్కన అద్దెకిచ్చే తెల్ల బండిని. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం కనుక, కొండ ఎక్కాలన్నవాళ్ళూ ఇసుకలో దిగాలన్నవాళ్ళూ నన్నే అడుగుతారు. నేను మాత్రం ఎవరినీ నమ్మను. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది.

పుట్టింది జపానులో. అక్కడ తెల్ల చేతొడుగులు వేసుకున్న మనుషులు నన్ను పసిబిడ్డని ముట్టుకున్నట్టు ముట్టుకున్నారు. లోకమంతా అలాగే ఉంటుందనుకున్నాను. ఓడ దిగాక తెలిసింది అసలు సంగతి. ఇక్కడ నాకు మొదట అంటించింది నంబరు ప్లేటు కాదు, ఒక కాగితం. దానిమీద నాలుగు వైపుల నుంచీ నా బొమ్మ గీసి ఉంటుంది. ఎక్కడ గీత పడితే బొమ్మ మీద అక్కడ ఇంటూ గుర్తు పెడతారు. మనుషులకి జాతకం ఎలాగో అద్దె బండికి ఆ కాగితం అలాగ. కాకపోతే జాతకంలో అప్పుడప్పుడూ మంచి కూడా రాస్తారు.

ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడి మీద అనుమానం, పుచ్చుకునేవాడికి ఇచ్చేవాడి మీద అనుమానం. ఒక ప్రొఫెసరుగారు నన్ను తీసుకునే ముందు డెబ్బై రెండు ఫొటోలు తీశాడు. కొండ మీదికి వెళ్ళాక కొండని ఒక్కటి కూడా తీయలేదు. ఒకాయన ఆఫీసు పని తప్ప వేరే పనే లేదని ఒట్టేసి తీసుకెళ్ళి, సీట్ల కింద చాటెడు ఇసుకతో తెచ్చి, 'ఇచ్చినప్పుడే ఉంది' అన్నాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నా తలుపు గోడకి రాసి, ఆ గీత మీద గుండె బొమ్మ స్టిక్కరు అంటించి వెళ్ళిపోయారు. అబద్ధం చెప్పని మనిషి నా సీటులో ఇంతవరకు కూర్చోలేదు. అందుకే ఎవరు తలుపు తీసినా, వీడు దాచేదేమిటా అనే చూస్తాను.

జపాను బండికి తెలుగెలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. మా యార్డులో బండ్లు కడిగేవాడు లింబాద్రి. కోరుట్ల పక్క పల్లెటూరివాడు, వచ్చి పదకొండేళ్ళు. గొట్టంతో నీళ్ళు కొడుతూ బండ్లతో మాట్లాడటం అతనికి అలవాటు. నన్ను 'తెల్లదానా' అంటాడు. అతని ఇల్లూ పొలం, తమ్ముడి తగాదా అన్నీ నాకు తెలుసు. నేనొచ్చిన ఇన్నేళ్ళలో అతను చెప్పిన అబద్ధం నేను ఒక్కటే విన్నాను. అది నా గురించే.

వెనక భాగంలో నా స్టెప్నీ, అంటే అదనపు టైరు, పనికిరాకుండా పోయి ఏడాది దాటింది. రబ్బరు ఎండి పగుళ్ళు తీసింది. లింబాద్రి రెండుసార్లు మేనేజరుకి చెప్పాడు. "ఈ నెల పోనీ, చూద్దాం. నువ్వు టిక్కు కొట్టు" అన్నాడు మేనేజరు. లింబాద్రి తలవంచుకుని, 'స్పేర్ టైరు బాగుంది' అన్న గడిలో టిక్కు కొట్టాడు. నన్ను తీసుకునే ప్రతివాడూ నా ఒంటిమీద గీతలు వెతికాడేగానీ వెనక మూత ఎత్తి చూసినవాడు లేడు.

మే నెలలో ఒక శుక్రవారం, తెల్లారుతుండగా అబ్బులు, నూకరత్నం వచ్చారు. అబ్బులుకి అరవై దగ్గరపడ్డాయి. పొట్టి మెడ, వెడల్పు భుజాలు. అమలాపురం దగ్గర రెండు జేసీబీలున్న ఆసామి. ఒకప్పుడు పన్నెండేళ్ళు ఈ దేశంలోనే, జబల్ అఖ్దర్ అనే కొండ మీదికి రోడ్డు తవ్విన ఆపరేటరు. నూకరత్నం అతని భార్య. సన్నటి మనిషి. చేతిసంచి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మాత్రం భర్త మీద నుంచి తిప్పకుండా నిలబడింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నాదీ అదే చూపు.

కాగితాలు రాసే గుమాస్తా బినోయ్ హిందీలో అడిగాడు. "ఎక్కడికి సార్, కొండకా, ఎడారికా? రాసుకోవాలి."

అబ్బులు ముఖం నల్లబడింది. "ఇక్కడికే" అన్నాడు.

"ఇక్కడికే అంటే?"

"ఇక్కడిక్కడే బాబూ. ఊళ్ళోనే."

ఊళ్ళో తిరగడానికి నేనెందుకు? చిన్న కారు చాలదా? దొంగ దొరికాడు అనుకున్నాను. బినోయ్ కూడా అతన్ని ఎగాదిగా చూసి, పక్కన ఇంకో సంతకం తీసుకుని, 'మస్కట్ నగరం' అని రాశాడు.

నా అద్దం తుడుస్తున్న లింబాద్రి మాత్రం తనలో తను నవ్వుకున్నాడు. "ఊరికి బయలెల్లే మనిషిని ఎక్కడికని అడుగుతరా ఎవలన్న? అడిగితె పని చెడ్తదంటరు మనోళ్ళు" అని నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. తరవాత గుడ్డ చేత్తో పట్టుకుని నూకరత్నం ఉన్న వైపుకి వచ్చి, "ఎంత దూరం అక్కా?" అని అడిగాడు.

ఆవిడ ముఖం విచ్చుకుంది. "నువ్వు తెలుగోడివా తమ్ముడూ? అచ్చం మా అమ్మ అడిగినట్టు అడిగావు. కొండకి వెళ్తున్నాం. అక్కడ మా ఆయనకి పన్నీరు పంపే మనిషి ఒకరున్నారు. చూసి రావాలి."

లింబాద్రి తన ఫోను నంబరు రాసిచ్చాడు. నా వెనక మూత వైపు ఒకసారి చూశాడు. నోరు తెరిచాడు. బినోయ్ పక్కనే ఉన్నాడు. నోరు మూసుకున్నాడు. నాకు అతని మీద చాలా కోపం వచ్చింది.

ఊరు దాటేసరికి సంగతంతా బయటపడింది. సీటు బెల్టు పెట్టుకున్నాక మొగుడూ పెళ్ళాలకి మాటలు దాచుకోవడం చేతకాదు, ఇది నేను చాలాసార్లు చూశాను. ఇరవై రెండేళ్ళుగా ఏటా రోజాపూల కాలం అయిపోయాక, ఈ కొండ మీద నుంచి ఎవరో ఒకరి చేత అబ్బులుకి పన్నీరు సీసా వస్తోంది. ఆ కొండమీద రోజాలు పండిస్తారు, పన్నీరు కాస్తారు. సీసా మీద అరబ్బీలో 'అబ్దుల్లా' అని రాసి ఉంటుందట. అబ్బులు అన్న పేరు ఇక్కడివాళ్ళ నోట అలా తిరిగింది. మతం కూడా మార్చేసుకున్నాడేమోనని ఆవిడ కొన్నాళ్ళు హడలిపోయిందట. పంపేదెవరని అడిగితే, 'ఓ ముసలాయన' అని ముక్తసరిగా చెప్పి మాట మార్చేవాడు. పద్నాలుగేళ్ళ కిందట ఇతను ఈ దేశం వదిలి వెళ్ళిపోయాడు. సీసాలు మాత్రం ఆగలేదు.

"ఏ ముసలాయనండీ, ఇరవై రెండేళ్ళు ఒక ఆపరేటర్ని గుర్తుపెట్టుకునేది?" అంది ఆవిడ. "నేనేం చిన్నపిల్లని కాదు. మగాడైతే దణ్ణం పెట్టి వచ్చేస్తాను. ఆడదైతే మాత్రం నేను మీతో విమానం ఎక్కను. మా తమ్ముడొచ్చి తీసుకెళ్తాడు. మళ్ళీ మీ గుమ్మం తొక్కితే అడగండి."

"రత్నం, అక్కడ నువ్వనుకునేదేం లేదు."

"లేనప్పుడు ఈ చెమటెందుకు?"

నిజమే. ఏసీ పద్దెనిమిది మీద నడుస్తోంది. అతని అరచేతుల తడి నా స్టీరింగుకి అంటుతోంది. ఆవిడ చెప్పింది చేసి తీరుతుందని అతనికి తెలుసు. నాకూ తెలిసిపోయింది.

కొండ కింద పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది. నాలుగు చక్రాల బలమున్న బండినే పైకి వదులుతారు. పోలీసు నన్ను చుట్టి చూసి చెయ్యి ఊపాడు. అక్కణ్ణించి ఎక్కుడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నన్ను నడిపినవాళ్ళలో నూటికి తొంభై మంది ఆ కొండ మీద బ్రేకు తొక్కి తొక్కి నా ప్రాణం తీశారు. ఈ అబ్బులు ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో నాకంటే ముందే తెలిసినవాడిలా నడిపాడు. "ఈ మలుపు నేను కోసిందే. ఆ రాయి మూడ్రోజులు తినేసింది నన్ను" అని మెల్లగా అన్నాడు. ఆవిడ అటు చూడలేదు. నేను చూశాను. చెయ్యి మంచిదైనంత మాత్రాన మనిషి మంచివాడని కాదు గదా, అనుకుని సర్దుకున్నాను.

తారురోడ్డు వదిలి ఊళ్ళోకి వెళ్ళే మట్టిదారిలో ఒక మొనదేలిన రాయి నా ఎడమ వెనక టైరు పక్కని కోసింది. చిన్న కోత. అతను చూసుకోలేదు, నేను చెప్పలేను.

ఆ ఊళ్ళో మెట్లుమెట్లుగా రోజా తోటలు. పువ్వులు కోసేశారు, ఆకులే మిగిలాయి. అబ్బులు వెతికిన ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటాయన గడ్డం నిమురుకుంటూ బయటికి వచ్చాడు. అబ్బులు నాకు దూరంగా తీసుకెళ్ళి, గొంతు తగ్గించి ఏదో అడిగాడు. నూకరత్నం అప్పటికే అద్దం దించేసింది. పక్కింటాయన గొంతు తగ్గించే రకం కాదు. "ఉమ్ సాలిం? వో తో నీచే గయీ" అని కేక వేసినట్టే చెప్పాడు. తరవాత చేతులతో కింది వైపు చూపిస్తూ దారి గుర్తులన్నీ చెప్పాడు.

అబ్బులు వచ్చి సీట్లో కూర్చున్నాడు. "లేడంట. కిందకి వెళ్ళిపోయాడంట. ఎడారి పక్కకి. పద, వెనక్కి పోదాం."

"గయీ అన్నాడు."

"ఏంటే?"

"గయా అనలేదు. గయీ అన్నాడు. ఇరవయ్యేళ్ళుగా హిందీ సీరియళ్ళు చూస్తున్నాను. వెళ్ళింది మగాడో ఆడదో ఆ మాత్రం తెలీదనుకున్నారా?"

"ఈళ్ళ హిందీ అంతే రత్నం. ఆడా మగా ఏకంగా లాగించేస్తారు. నేను పన్నెండేళ్ళు మా ఫోర్‌మన్ని 'సార్ ఆయీ' అనే అన్నాను. ఎవరూ ఏమనుకోలేదు."

"పోనియ్యండి బండి."

"ఎక్కడికి?"

ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు అతనే నాలిక కరుచుకున్నాడు. "ఎక్కడికి గయీయో అక్కడికే" అంది ఆవిడ.

అంతటితో ఊరుకోలేదు. దిగి, నా వెనక్కి వచ్చి, లింబాద్రికి ఫోను చేసింది. మొగుణ్ణి నమ్మలేని మనిషి ఇంకొకరి చెవిన వెయ్యాలనుకోవడం సహజమే. బిదియా అనే ఊరు దాటాక మూతపడ్డ పెట్రోలు బంకు, అక్కడ తారు దిగి ఇసుకలో పద్నాలుగు కిలోమీటర్లు, మూడు తుమ్మచెట్ల దగ్గర ఉమ్ సాలిం కూతురి ఇల్లు. పక్కింటాయన హిందీలో చెప్పిన గుర్తులన్నీ ఆవిడ పొల్లుపోకుండా ఒప్పజెప్పింది.

"ఇసుకలకా అక్కా?" అన్నాడు లింబాద్రి. వెనక బినోయ్ ఎవరినో పిలుస్తున్నాడు. "నీళ్ళు బాగ పెట్టుకోండ్రి. బండిల ఆ..." మళ్ళీ ఆగాడు. "మెల్లగ పోండ్రి అక్కా" అని పెట్టేశాడు. స్టెప్నీ అన్న రెండక్షరాల ముక్క అతని గొంతులో అడ్డం పడటం నేను విన్నాను.

ఎడారి చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. ఇసుకలో దిగే ముందు అబ్బులు నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాడు. గాలి తగ్గితే టైరు పరుచుకుని ఇసుకలో కూరుకుపోదు. తెలిసిన పనే, బాగానే చేశాడు. కానీ కొండ మీద కోత పడ్డ టైరు ఆ ఎండకీ ఆ బరువుకీ ఎంతసేపు ఓర్చుకుంటుంది? తొమ్మిదో కిలోమీటరు దగ్గర పక్క నుంచి చీలిపోయింది.

అబ్బులు దిగి నా వెనక మూత ఎత్తాడు. స్టెప్నీ బయటికి లాగాడు. వేలితో నొక్కితే రబ్బరు పెళ్ళలుగా లేచింది. జాకీ వేసి, దాన్నే బిగించి, నన్ను ముందుకు కదిలించాడు. వంద గజాలు కూడా పోకముందే అది నిట్టూర్చినట్టు కూలబడింది. నేను ఒక పక్కకి ఒరిగి ఇసుకలో దిగిపోయాను. నన్ను అనుమానించిన వందలాది మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఈ మూత ఎత్తి చూసి ఉంటే బాగుండేదని నాకు సిగ్గేసింది.

ఫోన్లు పని చెయ్యలేదు. శుక్రవారం, మండుటెండ. ఆ దారిన ఎవరూ రాలేదు. రెండే సీసాల నీళ్ళున్నాయి. ఇద్దరూ నా నీడలో, ఇసుక మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నారు.

చాలాసేపటికి నూకరత్నం అడిగింది. "టైరు పాడని తెలిసే నన్ను ఇక్కడికి తెచ్చారా?"

అతను తలెత్తి ఆవిడని చూశాడు. కొట్టినా మనిషి ముఖం అలా అవదు. "తాగు" అని సీసా అందించాడు.

"మీరు తాగారా?"

"ఇందాక తాగాను."

"తాగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. దీనికి కూడా అబద్ధమేనా?"

అతను నడిచివెళ్ళి ఎవరినైనా తీసుకొస్తానని లేచాడు. ఆవిడ అతని చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. "ఈ ఎండలో అయిదు కిలోమీటర్లు నడిస్తే మీరు మిగలరు. మీరు మిగిలితేనే గదా నేను మిమ్మల్ని వదిలేసేది. కూర్చోండి." అంత కోపంలోనూ సీసా అతని నోటికి ఆనించి పట్టుకుంది. నేను అప్పటికే వీళ్ళిద్దరి కథ ముగిసిందనుకున్నాను. ఆ చెయ్యి చూశాక ఏమనుకోవాలో తోచలేదు.

ఎండ వాలి నా నీడ బారెడు సాగాక, దూరంగా ఒక పాత పికప్ కనిపించింది. లింబాద్రి. స్నేహితుడి బండి అడిగి తెచ్చుకున్నాడు. వెనక ఒక కొత్త టైరు, నీళ్ళ డబ్బాలు నాలుగు. దిగి ముందు నీళ్ళిచ్చాడు. వాళ్ళు తాగడం అయ్యేదాకా తల దించుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఆ కాగితం మీద స్టెప్నీ మంచిగున్నదని టిక్కు కొట్టింది నేనే" అన్నాడు. "ఖరాబైందని నాకెరుక. పొద్దుగాల చెప్పలేకపోయిన. ఫోన్ల గూడ చెప్పలేకపోయిన. నౌకరి పోతదని భయమైంది. నువ్వు ఇసుకలకు పోతున్నమన్నంక బువ్వ ముద్ద దిగలేదు, అచ్చిన. తప్పు నాదే."

"చెప్పావుగా. చాలు" అంది నూకరత్నం. తరవాత మొగుడి వైపు తిరిగింది. "చూశారా, తప్పు చేసినోడు ఎలా చెప్పేస్తాడో?"

టైరు మార్చారు. అబ్బులు వెనక్కి తిప్పుదామని ఇంకొకసారి అన్నాడు. ఆవిడ నా తలుపు తీసి ఎక్కి కూర్చుంది. ముందు నేను, వెనక పికప్. మూడు తుమ్మచెట్ల దగ్గరికి వెళ్ళేసరికి సూర్యుడు దిబ్బ మీద ఆనుకుని ఉన్నాడు.

ఇంటి ముందు చాప మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎనభై దాటి ఉంటాయి. చూపు ఆనక, చప్పుడుని బట్టి లేచి వచ్చి నా బానెట్ మీద చెయ్యి వేసింది. కాలుతున్నా తీయలేదు. అబ్బులు దిగి ఏదో అన్నాడు. ఆ గొంతు వినగానే "అబ్దుల్లా" అంది. అతని రెండు చేతులూ పట్టుకుని గలగలా మాట్లాడేసింది.

నూకరత్నం అనుమానమంతా ఈ వయసు చూసి దిగిపోవాలి. దిగలేదు. ఇంత ముసలావిడైతే దాచడం ఎందుకు? నా అనుమానమూ అదే. ముసలావిడ ఈమె వైపు చెయ్యి చూపించి ఏదో అడిగింది. అబ్బులు ఒక్క మాటలో జవాబు చెప్పాడు. అప్పుడు ముసలావిడ నూకరత్నం దగ్గరికి వచ్చి, తడుముతూ ముఖం పట్టుకుని, తీరిగ్గా మాట్లాడింది. లింబాద్రికి అరబ్బీ బాగా వచ్చు.

"ఏమంటుంది తమ్ముడూ?"

"నువ్వు అచ్చినందుకు మనసు నిమ్మళమైందంటుందక్కా. అబ్దుల్లా ఒక్కడే అయిపోయిండని రంది పెట్టుకున్నదట. మళ్ళ పెండ్లి చేసుకున్నడని ఎవలు చెప్పలేదట." లింబాద్రి తడబడ్డాడు. "మొదటామె సచ్చిపోయినంక."

"ఏ మొదటామె?"

ముగ్గురూ అబ్బులు వైపు తిరిగారు. అతను నా ఫుట్‌బోర్డు మీద కూర్చుండిపోయాడు. అతని బరువంతా నా మీద పడింది.

"నువ్వే రత్నం" అన్నాడు. "నిన్నే చంపేశాను."

చెప్పాడు. ఇరవై రెండేళ్ళ కిందట కొండ మీద పని చేస్తుండగా క్యాంపుకి ఫోను వచ్చింది. కాన్పులో బిడ్డ దక్కలేదు, తల్లికి సీరియస్. లీవడిగాడు. సీరియస్ అంటే లీవు లేదు పొమ్మన్నారు. మనిషి పోతేనే ఇస్తారని తోటివాళ్ళు చెప్పారు. గంట తరవాత మళ్ళీ వెళ్ళి, పోయిందని చెప్పాడు. ఆ సాయంత్రమే కాగితాలయ్యాయి. కానీ కబురు ఊరంతా పాకింది. రోడ్డు వేస్తున్నవాడికి కష్టం వచ్చిందని ఊరు ఊరంతా క్యాంపు దగ్గరికి వచ్చి కూర్చుంది. ఈ ఉమ్ సాలిం, అంటే సాలిం తల్లి, అప్పుడే కాచిన పన్నీరు సీసా తెచ్చి, నీ భార్య సమాధి మీద చల్లమని చేతిలో పెట్టింది. అక్కణ్ణించి ఏటా పంపుతూనే ఉంది. సమాధి ఎండిపోకూడదంట.

"ఇక్కడికొచ్చి నువ్వు బతికే ఉన్నావని చెప్పలేకపోయాను. ఊరంతా ఏడ్చారే నీ కోసం. నీతో ఏమని చెప్పను? పసుపూ కుంకాలతో ఉన్నదాన్ని పోయిందన్నానని చెప్పనా? ఆ మాట నీ చెవిన పడితే నిజమైపోద్దేమోనని భయం."

నూకరత్నం వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "ఫోను చేసిన మూడో రోజుకి ఆస్పత్రి గుమ్మంలో ఉన్నారు" అంది. "వార్డులో ఎవరి మొగుడూ రాలేదు. మా ఆయన ఎగిరొచ్చేశాడని పక్క మంచాలోళ్ళందరికీ చెప్పుకున్నాను. ఇన్నేళ్ళూ చెప్పుకుంటూనే ఉన్నాను." అరచేత్తో ముఖం తుడుచుకుంది. "మొదటి సీసా నేను గులాబ్‌జామూన్‌లో పోశానండీ. మీరు రెండు తిన్నారు."

లింబాద్రి నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ముసలావిడ అతని చెయ్యి తట్టి ఏమయిందని అడుగుతోంది.

"ఏం చెప్పాలక్కా? బతికే ఉన్నదని చెప్పాల్నా?"

"చెప్పెయ్ బాబూ" అన్నాడు అబ్బులు. "నన్ను ఛీ కొడితే కొట్టనీ. ఇవాళ్టితో తేలిపోద్ది."

ముసలావిడ మధ్యలో అందుకుంది. లింబాద్రి వింటూ చెప్పాడు. "ఇన్నేండ్ల సంది దువా చేస్తున్న గని, ఆమె పేరు అడగనే లేదంటుంది. ఏం పేరట?"

"నూకరత్నం" అంది నూకరత్నం.

ముసలావిడ ఆ పేరుని నోట్లో రెండుసార్లు తిప్పుకుంది. సరిగా రాలేదు. మళ్ళీ అడిగింది. "మరి నీ పేరేందట అక్కా?"

ఈ ప్రశ్నకి మాత్రం ఆవిడకి టైము పట్టింది. అబ్బులు ఊపిరి నా తలుపుకి వినిపిస్తోంది. ఒక్క మాటతో అతన్ని ఆ ఇసుకలో నిలువునా నిలబెట్టగలదు. ఈ ముసలావిడ చేసిన ప్రార్థనలన్నీ ఉత్తవి చెయ్యగలదు. "నా పేరూ నూకరత్నమేనని చెప్పు" అంది.

లింబాద్రి చెప్పాడు. ముసలావిడ చూపు ఆనని కళ్ళు ముందు నూకరత్నం వైపు, తరవాత అబ్బులు వైపు తిరిగాయి. లోపలికి వెళ్ళి ఈ ఏటి సీసా తెచ్చింది. ఎప్పుడూ అబ్బులుకి పంపే సీసాని ఈసారి నూకరత్నం చేతిలో పెట్టి, వేళ్ళు మూసి, ఏదో అని నవ్వింది. ఉన్న రెండు పళ్ళూ కనిపించాయి.

"ఏమంది?"

లింబాద్రి తల గోక్కున్నాడు. "దీన్ని సమాధి మీద పొయ్యకు, నువ్వే వాడుకో అంటుందక్కా."

ఆవిడకి తెలిసిపోయిందని నా అనుమానం. ఎప్పుడు తెలిసిందో, ఎన్నేళ్ళ కింద తెలిసిందో, దాని మీదా నాకు అనుమానమే.

తిరుగుదారిలో మసకచీకటి పడింది. వెనక పికప్ దీపాలు వస్తున్నాయి. తారురోడ్డు ఎక్కాం.

"ఎల్లుండి విమానం ఎన్నింటికండీ?" అంది ఆవిడ.

"పదకొండింటికి."

"ఇద్దరికీ పక్కపక్క సీట్లేనా?"

"పక్కపక్కనే."

ఇంకో రెండు కిలోమీటర్లు గడిచాయి. "నేను పోయానని చెప్పి ఏడ్చారుగా. అది లీవు కోసమా, నిజంగానా?"

అబ్బులు గేరు మార్చాడు. "మొదట లీవు కోసమే ఏడ్చాను. తరవాత ఆగలేదు."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "అయితే నేను నిజంగా పోయినప్పుడు మళ్ళీ ఏడవకండి" అంది. "ఒక మనిషికి ఒకసారి చాలు."

కాసేపటికి నా వైపరు కదలడం మొదలుపెట్టింది. ఆ దేశంలో వాన పడి ఎనిమిది నెలలయింది. అద్దం పొడిగా ఉంది. మీ దేశపు బండ్లలో ఇండికేటరు ఉండే చోట నాకు వైపరు పుల్ల ఉంటుంది, అలవాటు కొద్దీ అక్కణ్ణించి వచ్చినవాళ్ళు పొరపాటున దాన్నే లాగుతారు. పొరపాటే అయి ఉంటుంది. కానీ మస్కట్ దీపాలు కనిపించేదాకా అతను దాన్ని ఆపలేదు, ఆవిడా ఆపమనలేదు.